ప్యాకెట్ మీది పేరు ఎవరిది?

మనోహరాబాద్‌లో ఐటీసీ వాళ్ల ఫుడ్ ఫ్యాక్టరీ చూశావు కదా బిడ్డా, 2023 జనవరిలో మొదలైంది. ఆశీర్వాద్ గోధుమపిండి, సన్‌ఫీస్ట్ బిస్కెట్లు, యిప్పీ నూడుల్స్ లాంటి వాటి కోసం కట్టింది. గోధుమలు ఎవరైనా కొని పిండి పట్టించొచ్చు. సంచి మీద ఆశీర్వాద్ అని మాత్రం ఇంకొకరు వేసుకోవడానికి లేదు. అది వాళ్ల ట్రేడ్‌మార్క్.

దీని వెనక ఉన్న సైన్సంతా మన జ్ఞాపకానిదే. కొట్టుకు పోయి "మొన్నటి బిస్కెట్ ప్యాకెట్ ఇవ్వండి" అంటావు. అందులో నీకు గుర్తున్నదెంత? రంగు, పేరులో మొదటి అక్షరం, పలికితే వచ్చే శబ్దం. మిగతాది మెదడు దాచుకోదు, దగ్గరి పోలిక కనబడగానే ఆ ఖాళీలు తనే పూరించేస్తుంది. అందుకే కోర్టువాళ్లు రెండు ప్యాకెట్లు పక్కపక్కన పెట్టి తేడాలు లెక్కపెట్టరు. సగటు తెలివి, అరకొర జ్ఞాపకం ఉన్న మనిషి పొరబడతాడా అని చూస్తారు. అమృతధార, లక్ష్మణ్‌ధార అనే మందుల కేసులో 1962లో సుప్రీంకోర్టు పేర్లను పోల్చింది ఈ కొలతతోనే. పేరును ముక్కలు చేయకుండా మొత్తంగా వినాలంది.

మందుల విషయంలో పొరపాటు ప్రాణం మీదికి వస్తుంది. మలేరియా మందులు ఫాల్సిగో, ఫాల్సిటాబ్ తగువులో 2001లో అదే కోర్టు, మందుల పేర్లను ఇంకా కఠినంగా చూడాలని చెప్పింది. డాక్టర్ల చేతిరాత సంగతి కూడా లెక్కలోకి తీసుకుంది. నాకు చాలా నచ్చిన తీర్పది.

అయితే పెద్ద కంపెనీ కాబట్టి ఏ మాటనైనా సొంతం చేసుకోవచ్చనుకోకు. యిప్పీ ప్యాకెట్ మీద ‘మ్యాజిక్ మసాలా’ అని ఉంటుంది. నెస్లే తన మ్యాగీకి ‘మ్యాజికల్ మసాలా’ అని పెట్టిందని ఐటీసీ 2013లో మద్రాసు హైకోర్టుకు వెళ్లింది. 2020 జూన్‌లో తీర్పొచ్చింది, ఐటీసీ ఓడింది. మసాలా అందరి మాట, మ్యాజిక్ అన్నది సరుకును పొగిడే మాట. అలాంటివి ఒకరి గుత్త సొత్తు కావంది కోర్టు. న్యాయమైన మాట. లేకపోతే రేపు ‘కమ్మని’ అన్నదానికీ కిరాయి కట్టాల్సి వచ్చేది.

మీ అమ్మ సకినాలు చేసి అమ్ముతుంది కదా, తనకూ ఇదే వర్తిస్తుంది. ‘కమ్మని సకినాలు’ అని దరఖాస్తు పెడితే తిరిగి రావడమే ఎక్కువ. సరుకుతో సంబంధం లేని, తను కల్పించుకున్న పేరైతే గట్టిగా నిలుస్తుంది. సరుకులు, సేవలు అన్నిటినీ కలిపి 45 తరగతులుగా విడగొట్టారు, సకినాలు 30వ దాంట్లోకి వస్తాయి. ముందు ఆ పేరు ఇంకెవరికైనా ఉందేమో ఆన్‌లైన్‌లో వెతకాలి. దరఖాస్తుకు మనకు చెన్నైలోని ట్రేడ్‌మార్క్ ఆఫీసు. వ్యక్తిగా దరఖాస్తు పెట్టేవాళ్లకు ఆన్‌లైన్‌లో ఒక తరగతికి 4500 రూపాయలు ఫీజు. ఆఫీసువాళ్లు ఒప్పుకున్నాక పేరు ట్రేడ్‌మార్క్స్ జర్నల్‌లో అచ్చవుతుంది. అభ్యంతరం ఉన్నవాళ్లకు నాలుగు నెలల గడువు. దొరికిన హక్కు పదేళ్లు, రుసుము కడుతూ పొడిగించుకుంటూ పోవచ్చు. రిజిస్ట్రేషన్ వచ్చేదాకా ‘టీఎమ్’ అని వేసుకోవచ్చు. సున్నాలో ‘ఆర్’ గుర్తు మాత్రం అప్పటిదాకా వేయొద్దు, అది నేరం.

ఇంకో సంగతి, చాలామందికి తెలియదు. నీకంటే ముందు నుంచీ ఆ పేరుతో అమ్ముతున్నవాళ్లుంటే, నీ రిజిస్ట్రేషన్ వాళ్లను ఆపలేదు. ట్రేడ్‌మార్క్ చట్టంలో 34వ సెక్షన్ అది. మీ అమ్మే ఆ ముందున్న మనిషి అయ్యుండొచ్చు. తేదీలున్న మొదటి బిల్లు పుస్తకం, లేబుల్ అచ్చేయించిన రసీదు అటకెక్కించకుండా బీరువాలో పెట్టమను.