కొయ్య చట్రముల సత్రము

ఇంగ్లండులోని గ్లాస్టరు పట్టణమున "న్యూ ఇన్" అను సత్రము కలదు. ఆ పేరునకు "కొత్త సత్రము" అని అర్థమైనను, ఇది 1450 ప్రాంతమున కట్టబడినది. అచ్చటి సెయింట్ పీటరు మఠములోని రెండవ ఎడ్వర్డు రాజు సమాధిని దర్శింపవచ్చు యాత్రికుల బసకై జాన్ ట్వైనింగ్ అను మఠవాసి దీనిని కట్టించెను. తరువాతి కాలమున ఇది పానశాలగా కూడ పేరుపొందెను. నడుమ ముంగిలి, దాని చుట్టును పై అంతస్తులలో కొయ్య వసారాలు. అయిదు శతాబ్దములకు పైగా వానలకును మంచునకును ఈ కొయ్యకట్టడము ఎట్లు తట్టుకొనెను?

ఇట్టి కట్టడములో బరువంతయు ఓక్ స్తంభములును దూలములును కలిసిన చట్రము మోయును. గోడలు కేవలము మరుగు మాత్రమే. నాలుగు బద్దలను చతుర్భుజముగా కూర్చి ఒక మూల నెట్టినచో అది ప్రక్కకు ఒరిగిపోవును. మూడు బద్దల త్రిభుజము ఒరుగదు. భుజముల పొడవు మారనిదే దాని కోణములు మారవు. అందుచేత వడ్రంగులు స్తంభమునకును దూలమునకును నడుమ ఏటవాలు బద్దలు బిగించి గాలి త్రోపును ఆపిరి.

ఓక్ కొయ్య ఎండినచో మిక్కిలి గట్టిపడును. కనుక పచ్చిగా నుండగనే చెక్కెడివారు. ఒక దూలపు కొనను నాలుకవలె మలచి, రెండవదాని బెజ్జములో దూర్చి, అడ్డముగా చెక్క సీల దిగగొట్టెడివారు. నాలుకలోని రంధ్రమును కొంచెము మొదలువైపు జరిపి తొలుచుటచే, సీల దిగినకొలది అతుకు బిగిసెడిది. కొయ్య ఎండునపుడు పొడవున చాల తక్కువగాను, అడ్డముగా ఎక్కువగాను కుంచించుకొనును. అందుచే దూలములు మెలిపడి, అంతస్తులు వాలుగా నగును. అయినను సీలల అతుకులు కొంత ఒదుగును గనుక చట్రము విరుగదు. వంకరను మాత్రమే చూచి కట్టడము శిథిలమైనదని తలచుట పొరపాటు.

చట్రపు ఖాళీలలో తడికలు అల్లి, బంకమన్ను, పేడ, గడ్డి కలిపి మెత్తి, సున్నము పూసెడివారు. ఈ పూత వాననీటిని పీల్చినను, వాన వెలసిన పిమ్మట గాలికి మరల విడిచిపెట్టును. 20వ శతాబ్దమున అనేక పాత ఇండ్లకు మరమ్మతు పేర సిమెంటు పూసిరి. పగుళ్లలో దూరిన నీరు బయటికి రాలేక కొయ్యలోనే నిలిచెను. కొయ్యలో తేమ నూటికి సుమారు 20 పాళ్లు దాటి అట్లే నిలిచినచో శిలీంధ్రములు పెరిగి దానిని తినివేయును. శతాబ్దములు నిలిచిన స్తంభపు మొదలు కొద్ది దశాబ్దములలో పుచ్చిపోవును. కావుననే నేటి నిపుణులు సిమెంటును ఒలిచి, మరల సున్నమునే పూయించుచున్నారు. కట్టడము తేమను విడుచు తీరు నెరిగినవారే దానికి మరమ్మతు చేయదగుదురు.