నొప్పి మాత్ర మానలేకపోతున్నారా? ఇది జబ్బు, చికిత్స ఉంది

నంద్యాల, ఆళ్లగడ్డ లబ్ధిదారులకు గమనిక

నడుం నొప్పికని మొదలుపెట్టిన ట్రమడాల్ మాత్ర ఇప్పుడు రోజుకు నాలుగైదు అయిందా? మానితే ఒళ్లు నొప్పులు, ముక్కు కారడం, విరేచనాలు, నిద్ర పట్టకపోవడం ఉన్నాయా? ఇది ఓపియాయిడ్ వ్యసనం కావచ్చు. సిగ్గుపడాల్సింది లేదు.

ఏం చేయాలి?

1. 14446కు ఫోన్ చేయండి. ఇది కేంద్ర ప్రభుత్వ ఉచిత హెల్ప్‌లైన్. నంద్యాల ప్రభుత్వ సర్వజన ఆసుపత్రి ఓపీలోనూ అడగవచ్చు.

2. సొంతంగా ఒక్కసారిగా ఆపకండి. డాక్టరు బుప్రెనార్ఫిన్ లాంటి మందుతో బాధ తగ్గిస్తారు. కొందరు దాన్ని నెలల తరబడి వాడాలి. అది తప్పు కాదు, చికిత్సలో భాగమే.

3. మానేశాక మళ్లీ పాత మోతాదు వేసుకోవద్దు. ఒంటికి తట్టుకునే శక్తి తగ్గిపోయి ఉంటుంది, ఊపిరి ఆగిపోవచ్చు. మద్యంతో కలిపితే ఇంకా ప్రమాదం. మనిషి లేపినా లేవకపోతే వెంటనే 108కి ఫోన్ చేయండి.

పోలీసు కేసు అవుతుందా?

ట్రమడాల్ 2018 నుంచి ఎన్‌డీపీఎస్ చట్టం కింద ఉంది. అయితే వ్యసనపరుడు తనంతట తానుగా గుర్తింపు పొందిన ఆసుపత్రిలో చేరి చికిత్స పూర్తి చేస్తే, వాడకం లేదా కొద్ది మొత్తం కేసుల్లో సెక్షన్ 64ఏ రక్షణ ఇస్తుంది.

ఇంట్లో వాళ్లకు: తిట్టకండి, ఆసుపత్రికి తోడు వెళ్లండి. మళ్లీ తప్పినా చికిత్స ఆపనివ్వకండి.