నల్లకోటు చదువు, బ్యాంకు వాయిదా

ఒక సాయంత్రం అస్ర్ నమాజు ముగించుకొని మేము మస్జిదు మెట్లు దిగుతుండగా, మా మదర్సా పూర్వ విద్యార్థి తండ్రి ఒకాయన ఎదురు వచ్చారు. కుట్టుమిషను మీద సంసారం ఈదుతున్న మనిషి. చేతిలో బ్యాంకు దరఖాస్తు ఉంది.

"హజ్రత్, మా అమ్మాయి ఇంటరు పూర్తి చేసింది. ఐదేళ్ల లా చదువుతానంటోంది. క్రిమినల్ కేసులు వాదించే వకీలు కావాలట. ప్రైవేటు కాలేజీలో సీటు ఇస్తామన్నారు. బ్యాంకు ఎనిమిది లక్షలు ఇస్తుంది, ఇంటి కాగితాలు పెట్టమంటున్నారు. సంతకం చేయమంటారా?"

వడ్డీ విషయంలో మేమేమి చెబుతామో ఆయనకు తెలుసు. ఆ మాట ఆయనే ముందుగా అన్నారు: "వడ్డీ సంగతి తెలియక కాదు హజ్రత్, పిల్ల చదువు ఆగిపోతుందేమోనని భయం."

ధర్మాదేశం చదివి పంపివేస్తే మా బాధ్యత తీరిపోతుందని మాకు అనిపించలేదు. దివ్య ఖుర్ఆన్‌లోని అత్యంత దీర్ఘమైన ఆయతు అప్పును గురించినదే. అప్పును స్పష్టంగా వ్రాసుకొమ్మని, సాక్షులను పెట్టుకొమ్మని అది ఆదేశిస్తున్నది. కనుక మేము కూడా కాగితం, పెన్సిలు తీసుకొని మస్జిదు వరండాలో కూర్చున్నాము.

ఏడాదికి 1,60,000 చొప్పున ఐదేళ్లలో 8,00,000. వడ్డీ 10 శాతం అనుకుందాము. చదువుతున్నంత కాలం, చదువు ముగిశాక మరొక ఏడాది బ్యాంకు వాయిదా అడగదు. అయితే వడ్డీ మాత్రం మొదటి రోజు నుండే నడుస్తుంది. ఈ ముక్క చాలామంది తల్లిదండ్రుల చెవికి ఎక్కదు. సాధారణ వడ్డీ లెక్కన చదువు ముగిసేసరికి 2,40,000, ఆ తర్వాతి ఏడాదికి మరో 80,000 పెరుగుతుంది. వాయిదాలు మొదలయ్యే నాటికి అప్పు 11,20,000. దానిని పదేళ్లలో తీర్చాలంటే నెలకు సుమారు 14,800 కట్టాలి. మొత్తం 17,75,000 పైచిలుకు. "పదిహేనేళ్లు పెట్టుకుంటే?" అని ఆయన అడిగారు. వాయిదా 12,000కు తగ్గుతుంది గాని, చెల్లించేది 21,00,000 దాటిపోతుంది.

ఇక రాబడి సంగతి. పట్టా చేతికి వచ్చిన వెంటనే జీతం ఇచ్చే వృత్తి కాదిది. కొత్త వకీలు ఒక సీనియర్ వద్ద చేరాలి. వాయిదాలకు హాజరు కావాలి, బెయిలు దరఖాస్తులు వ్రాయాలి, సాక్షుల విచారణ ఎలా సాగుతుందో చూసి నేర్చుకోవాలి. ఇటువంటి జూనియర్లకు పట్టణాలలో నెలకు 20,000, గ్రామీణ ప్రాంతాలలో 15,000 తక్కువ కాకుండా ఇవ్వాలని భారత బార్ కౌన్సిల్ 2024 అక్టోబరులో సూచించింది. అది సూచన మాత్రమే, ఆజ్ఞ కాదు. జిల్లా కోర్టు ఆవరణలో ఒక ఉదయం గడిపినవారికి అసలు స్థితి తెలుస్తుంది. బస్సు ఛార్జీలు, భోజనం ఖర్చు దొరికితే చాలుననుకునే యువకులు అక్కడ కొల్లలు. ఆ 15,000 పూర్తిగా చేతికందినా, బ్యాంకు వాయిదా పోగా మిగిలేది 200 రూపాయలు.

"జడ్జీ పరీక్ష వ్రాస్తుంది కదా" అన్నారాయన. నిజమే, జూనియర్ సివిల్ జడ్జీకి ఆరంభ మూలవేతనమే 77,840. అయితే ఆ పరీక్షకు మూడేళ్ల న్యాయవాద అనుభవం తప్పనిసరి అని సుప్రీంకోర్టు 2025 మే 20న తీర్పునిచ్చింది. వాయిదాలేమో మొదటి ఏడాది గడవగానే మొదలవుతాయి. అంటే పరీక్షకు అర్హత వచ్చేలోపే రెండేళ్ల వాయిదాలు, సుమారు మూడున్నర లక్షలు, కట్టి ఉండాలి. వకీలు రాబడి ఆలస్యంగా పండే పంట, అప్పు తొందరగా కోతకు వచ్చేది. మా అభ్యంతరం ప్రధానంగా ఇక్కడే.

జాతీయ న్యాయ విశ్వవిద్యాలయాలలో చదివి కార్పొరేట్ సంస్థలలో చేరేవారి లెక్క వేరు. వారికి మొదటి నెల నుండే మంచి జీతం రావచ్చు. కాని ఈ అమ్మాయి కోరుకున్నది ఆ దారి కాదు. ఆమె వెళ్లదలచింది మేజిస్ట్రేటు కోర్టుకు. మన దేశపు జైళ్లలో ఉన్నవారిలో దాదాపు నలుగురిలో ముగ్గురు ఇంకా నేరం రుజువు కాని విచారణ ఖైదీలేనని 2022 జైలు గణాంకాలు చెబుతున్నాయి. వారి ఇళ్లనుండి వచ్చే తల్లుల వద్ద వకీలుకు ఇవ్వడానికి ఏముంటుంది? నెలనెలా 14,800 కట్టవలసిన వకీలు ఆ తల్లి కేసును ఎన్నాళ్లు మోయగలదు? ఏ ఆశయంతో ఆ చదువు చదవాలనుకున్నదో, ఆ పనినే అప్పు మొదట మాన్పిస్తుంది. బాకీ తీరేవరకు ఏదో ఒక ఉద్యోగం చేసుకొమ్మంటుంది. ఆడపిల్ల విషయంలో పెళ్లి మాటల దగ్గర కూడా ఈ బాకీ ప్రస్తావనకు వస్తుందని తండ్రులకు వేరే చెప్పనక్కరలేదు.

మరి చదువు మానివేయాలా? ఎంతమాత్రం కాదు. ఇంటరు తర్వాత ఐదేళ్ల లా ఒక్కటే దారి అన్నట్లు ప్రకటనలు ఊదరగొడుతున్నాయి. డిగ్రీ చేసి, ఆ తర్వాత లాసెట్ వ్రాసి మూడేళ్ల ఎల్‌ఎల్‌బీ చదివినా అదే బార్ కౌన్సిల్‌లో అదే నమోదు. అయ్యేది ఒక్క ఏడాది ఎక్కువ. ఊళ్లోని ప్రభుత్వ డిగ్రీ కళాశాలలో మూడేళ్లు, ఆపై ఉస్మానియా, కాకతీయ, ఆంధ్ర వంటి విశ్వవిద్యాలయాల న్యాయ కళాశాలలలో సీటుకు ప్రయత్నం. ఈ దారిలో బ్యాంకు గడప తొక్కనక్కరలేకపోవచ్చు. జాతీయ మైనారిటీల అభివృద్ధి, ఆర్థిక సంస్థ 3 శాతానికే విద్యారుణం ఇస్తుందని కొందరు గుర్తుచేస్తారు. భారం తక్కువే, కాని 3 శాతమైనా వడ్డీ వడ్డీయే. ఆ గడపకు పోకముందు బంధువులలో, జమాఅత్‌లో వడ్డీలేని ఋణం అడగడానికి సిగ్గుపడరాదని మా మనవి. పెళ్లి విందుకు చేతులు చాచే మనకు చదువు దగ్గరే ఎక్కడలేని అభిమానం అడ్డువస్తుంది.

నమోదు రుసుము గురించి కూడా ఆయన ఆందోళన పడ్డారు. సాధారణ వర్గం వారి నుండి 750 రూపాయలకు మించి వసూలు చేయరాదని సుప్రీంకోర్టు 2024 జూలైలో తీర్పు చెప్పిందని తెలిపితే ఆశ్చర్యపోయారు.

మరుసటి శుక్రవారం అమ్మాయిని వెంటబెట్టుకొని వచ్చారు. ఆమె మా లెక్క కాగితం చదివింది. ఒక్కచోట వేలు పెట్టి, "ఆరేళ్లు అవుతుంది హజ్రత్, నాతోటివాళ్లు అప్పటికే కోర్టులో ఉంటారు" అన్నది. ఉంటారు, అది నిజమే, దానికి మా వద్ద జవాబు లేదు. కాసేపు మౌనంగా ఉండి, "డిగ్రీలో ఉండగా సెలవుల్లో ఎవరైనా వకీలు సాహెబ్ దగ్గర కూర్చోవచ్చా?" అని అడిగింది. మాకు తెలిసిన ఒక వృద్ధ న్యాయవాది ఉన్నారు, నలభై ఏళ్లుగా క్రిమినల్ కేసులే వాదిస్తున్నారు. ఫోను చేస్తే, సోమవారం పదిన్నరకు తండ్రితో కలిసి రమ్మన్నారు. బ్యాంకు దరఖాస్తు ఇంకా ఆయన జేబులోనే ఉంది, సంతకం మాత్రం పడలేదు.