నెలసరి వచ్చింది సరే.. ఎముక సంగతో?

చెన్నై: మాత్రలు వాడింది, నెల తిరిగేసరికి నెలసరి వచ్చింది. 'హమ్మయ్య, అంతా సర్దుకుంది' అనుకుంటుంది తల్లి. లావైపోతానన్న భయంతో అన్నం మానేసి చిక్కిపోయిన అమ్మాయి విషయంలో ఈ ఊరట మోసం చేస్తుంది. గర్భనిరోధక మాత్రతో వచ్చేది మందు తెప్పించిన రక్తస్రావమే. లోపల ఎముక గుల్లబారుతూనే ఉండొచ్చు.

తడ, సూళ్లూరుపేట, నగరి వాసులకు పెద్ద వైద్యమంటే చెన్నై బండెక్కడం మామూలే. కానీ నెలసరి ఆగిందని మాత్రమే చెబితే తిండి మానేసిన సంగతి డాక్టరుకు ఎలా తెలుస్తుంది? ఇదేదో విదేశీ జబ్బులే అనుకోవడానికీ లేదు. చెన్నై మానసిక వైద్యులు శ్రీనివాసన్, సురేష్, జయరామ్ 210 మంది వైద్య విద్యార్థులను పరిశీలించి 1998లో ప్రకటించిన అధ్యయనంలో, వందకు సుమారు 15 మందికి తిండి, బరువు గురించిన బెంగ ఉన్నట్లు తేలింది. అనొరెక్సియా అంత ముదిరినది కాదు గానీ.. కాబోయే డాక్టర్లే మరి!

ఒంటికి చాలినంత తిండి అందకపోతే మెదడు అండాశయాలకు సంకేతాలు తగ్గించేస్తుంది. ఈస్ట్రోజెన్ పడిపోతుంది. ఎముకను పెంచే ఐజీఎఫ్-1 హార్మోనూ తగ్గుతుంది. అసలే ఎముక గట్టిపడాల్సిన వయసు. మింగిన ఈస్ట్రోజెన్ మాత్ర ముందు కాలేయానికి చేరి, అక్కడ తయారయ్యే ఐజీఎఫ్-1ను ఇంకా అణచివేస్తుంది. చర్మానికి అంటించే పట్టీ మందు నేరుగా రక్తంలో కలుస్తుంది. తేడా అంతా ఇక్కడే.

బోస్టన్‌లో మధుస్మిత మిశ్రా బృందం అనొరెక్సియా ఉన్న 110 మంది బాలికలపై 18 నెలలు పరీక్షలు జరిపి 2011లో ఫలితాలు వెల్లడించింది. ఎదిగిన పిల్లలకు పట్టీ, ఎముకలు ఇంకా ఎదగని వారికి అతి తక్కువ మోతాదు మాత్ర ఇచ్చారు. వెన్ను, తుంటి ఎముకల సాంద్రత పెరిగింది. అయినా ఆరోగ్యంగా ఉన్న తోటి పిల్లలను పూర్తిగా అందుకోలేకపోయారు.

అందుకే 2017లో అమెరికా ఎండోక్రైన్ సొసైటీ, ఎముక కోసమని గర్భనిరోధక మాత్రలు వద్దంది. ముందు తిండి, బరువు, మానసిక చికిత్స.. వాటితో నెలసరి తిరిగి రాకపోతేనే కొంతకాలం పట్టీ. ఆరు నెలలకు పైగా నెలసరి ఆగితే ఎముక సాంద్రత తెలిపే డెక్సా స్కాన్ తీయించాలి. పట్టీ వాడేవారికి గర్భాశయ పొర మందం కాకుండా నెలలో కొన్ని రోజులు ప్రొజెస్టిన్ మాత్ర కూడా ఇస్తారు. కాబట్టి మందుల షాపులో అడిగి కొని అంటించేసుకునేది కాదిది.