విజయపురిలో చూడనిది

నాగార్జునసాగర్ యాత్రావ్యాసం చదివినప్పుడల్లా వెల్దుర్తివాడినైన నాకు ఒక సందేహం: ఈ రచయిత విజయపురిలో బస్సు దిగాడా, లేదా?

యుద్ధానంతరం ఇంగ్లండు 1946లో కొత్త పట్టణాల చట్టం చేసి స్టీవెనేజ్ వంటివి కట్టింది. అక్కడికి వెళ్ళినవాడు ఊరి నడిబొడ్డు గురించే మాట్లాడతాడు: వాహనాలు రాని అంగడివీధి, గడియారస్తంభం. మెచ్చనీ, తిట్టనీ, అతని చూపు మనుషులు మసలే చోటు మీద ఉంటుంది.

మన దక్షిణ విజయపురి కూడా పథకం వేసి కట్టిన ఊరే. 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేసిన ఆనకట్ట కోసం కృష్ణ కుడిగట్టున వెలిసింది. సందర్శకుడు దాన్ని దాటిపోయి లాంచీ ఎక్కుతాడు. నాగార్జునకొండ చేరి, ఇక్ష్వాకుల రాజధాని విజయపురి నీట మునిగిందని నిట్టూరుస్తాడు. ఆ పేరుతోనే బతుకుతున్న ఊరు మాత్రం అతని వ్యాసంలో ఒక్క వాక్యానికి నోచుకోదు!

ప్రాజెక్టులు ఆధునిక దేవాలయాలన్న మాట మన కలాలకు బాగా అలవాటైంది. గుడికి పోయినవాడు గోపురం చూస్తాడు గాని రాయి మోసినవాణ్ణి అడగడు. సాగర్ రాతికట్టడం; వేలాది కూలీల చేతుల మీదుగా లేచింది. ఆ చేతుల కాపురాలు మన వర్ణనల్లో ఎక్కడ?

1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీళ్ళు వదిలారు. కుడికాలువకు జవహర్ పేరు పెట్టారు. పక్కనే ఉన్న మా మెట్టపొలాల్లో చాలాభాగానికి ఆ నీరు ఎక్కలేదు. వరికపూడిశెల ఎత్తిపోతలకు 2023 నవంబరులో కూడా శంకుస్థాపనే జరిగింది.