అమ్మ అడిగిన బెంచీ

మూడేళ్ళకోసారి సెప్టెంబరు నెలలో మన లెటర్ బాక్సుల్లో ఒక లావుపాటి కవరు పడుతుంది. లోపల ఓటు కాగితం, అభ్యర్థుల ఫోటోలున్న చిన్న పుస్తకం, స్టాంపు అంటించక్కర్లేని తిరుగు కవరు ఉంటాయి. మీలో ఎంతమంది దాన్ని విప్పి చూశారో చేతులెత్తండి అంటే, మొదటిసారి సంగతికి మాత్రం నేను ఎత్తలేను.

నేను 2004లో ఆక్లాండ్‌లో దిగాను. నా పేరు మీద మొదటి కవరు 2007లో వచ్చింది. విప్పితే మేయరుకి, కౌన్సిలర్లకి టిక్కు పెట్టాలట, అదే కాగితంలో ఆస్పత్రుల బోర్డుకి మాత్రం 1, 2, 3 అని వరుస నంబర్లు వేయాలట! ఒకే ఫారంలో రెండు రకాల ఇన్‌పుట్లు పెట్టిన డిజైనర్ని తిట్టుకుని, పిజ్జా కూపన్లు ఉండే సొరుగులో పడేశాను. ఎంసీఏ చదివినవాడి నిర్వాకం అది. (ఆ ఆస్పత్రుల బోర్డుల ఎన్నికలు 2019తో ఆగిపోయాయి. 2022లో ఆ బోర్డులనే రద్దు చేశారు. కాబట్టి ఆ సాకు ఇప్పుడు చెల్లదు.)

కొత్తగా వచ్చినవాళ్ళు చాలామంది "మనకింకా సిటిజన్‌షిప్ రాలేదు కదా, ఓటెక్కడిది" అంటూ ఉంటారు. ఈ దేశంలో ఓటుకి పౌరసత్వం అక్కర్లేదండీ. రెసిడెంట్ వీసా ఉండి, ఎప్పుడైనా ఒక ఏడాదిపాటు ఏకధాటిగా ఇక్కడ ఉండి, 18 నిండితే పేరు నమోదు చేసుకోవచ్చు. 1975 నుంచీ ఇదే పద్ధతి. నిలబడాలంటే మాత్రం పౌరులై ఉండాలి. మనవాళ్ళు నిలబడరా అంటే నిలబడతారు, గెలుస్తారు కూడా. పంజాబ్‌లో పుట్టిన సుఖీ టర్నర్ 1995 నుంచి 2004 దాకా డునెడిన్ నగరానికి మేయరుగా పనిచేశారు. నేను విమానం దిగిన ఏడాదే ఆవిడ పదవి దిగారు.

2010లో ఆక్లాండ్ ప్రాంతంలోని ఎనిమిది కౌన్సిళ్ళని కలిపి "సూపర్ సిటీ" చేశారు. హైదరాబాద్‌లో 2007లో చుట్టుపక్కల 12 మునిసిపాలిటీలు, 8 పంచాయితీలను కలిపి గ్రేటర్ చేశారు కదా, అలాంటిదే. అప్పట్లో ఆఫీసుల్లో మా ఐటీ జనమంతా ఎనిమిది సిస్టమ్స్‌ని ఒకటిగా ఎలా కలుపుతారా అని తెగ మాట్లాడుకునేవాళ్ళం. ఆ ఆసక్తితోనే నేను మొదటిసారి ఓటేశాను. జనం కూడా బాగానే వేశారు, సగం మంది దాకా. ఆ తర్వాత ఆక్లాండ్‌లో మూడోవంతు చుట్టూనే తిరిగింది. 2025లో 30 శాతం కూడా చేరలేదు.

ఇక అసలు సంగతికి వస్తాను. మా అమ్మకి 2015లో రెసిడెన్సీ వచ్చింది. తెనాలి దగ్గర మా ఊళ్ళో అమ్మ ఓటేయని ఎన్నిక లేదు. పంచాయితీ ఎన్నికలంటే అభ్యర్థి చేతులు జోడించుకుని గుమ్మంలోకి వచ్చి "పిన్నిగారూ, ఉంగరం గుర్తు" అనడం, వెనకాలే కత్తెర గుర్తు వాళ్ళు రావడం, అమ్మ ఇద్దరికీ మజ్జిగ ఇచ్చి, ఎవరికి వేసిందో మా నాన్నగారికి కూడా చెప్పకపోవడం! అలాంటి మనిషికి 2016లో ఇక్కడ మొదటి కవరు వచ్చింది. గుర్తులు లేవు, మొత్తం ఇంగ్లీషు. "నాకేం తెలుస్తుందిరా" అంది. నేను టిక్కులు పెట్టేసి, నా కవరుతో పాటు పోస్టు చేసేశాను. 2019లోనూ అంతే. 2022లో ఆవిడని అడగను కూడా లేదు. తప్పు చేస్తున్నానని ఒక్కసారి కూడా అనిపించలేదు. చదవలేని వాళ్ళు అడిగితే, వాళ్ళు చెప్పినట్టు గుర్తు పెట్టి సాయం చేయొచ్చు. వాళ్ళ బదులు మనం నిర్ణయించేయకూడదు. ఈ తేడా నాకు ఎప్పుడు తెలిసిందో ముందుకు చెబుతాను.

2023 జనవరి 27 సాయంత్రం మీకందరికీ గుర్తుండే ఉంటుంది. ఒక్కరోజులో 200 మిల్లీమీటర్లకు పైగా కురిసిన వాన, ఎయిర్‌పోర్టు లోపల నీళ్ళు, ఆక్లాండ్‌లో నలుగురి ప్రాణాలు. మౌంట్ రాస్కిల్‌లో మా గరాజిలోకి మోకాలి దాకా నీళ్ళొచ్చాయి. మేం పాత సూట్‌కేసులు, ఒక వాషింగ్ మెషీన్‌తో బయటపడ్డాం. నాలుగు వీధుల అవతల మా స్నేహితుడి కుటుంబం మంచాల మీద నిలబడి రాత్రి గడిపింది. ఆ తర్వాత ఏడాది ఇంటి పన్ను సగటున 7.7 శాతం పెరిగింది, దాని మరుసటేడు 6.8, ఆపైన 5.8. రేట్స్ బిల్లు వచ్చినప్పుడల్లా నేను "కాలువలు బాగుచేయరు గానీ..." అని అందుకునేవాణ్ణి. మా అమ్మాయి ఒకరోజు విని విని, "నాన్నా, మన లోకల్ బోర్డు మెంబర్లలో ఒక్కరి పేరు చెప్పు" అంది. చెప్పలేకపోయాను.

ఆ అమ్మాయే 2025 సెప్టెంబరులో మమ్మల్ని "మీట్ ద క్యాండిడేట్స్"కి తీసుకెళ్ళింది. మా వైపు ఒక హాల్లో, వారం మధ్యలో సాయంత్రం ఏడింటికి. స్కూలు పిల్లలు కొందరు సాయం చేస్తున్నారు, మావాడకట్టు తరఫున గంట కొట్టే డ్యూటీ మా అమ్మాయిది. ఇంట్లో ఒంటరిగా ఎందుకని అమ్మని కూడా కారెక్కించాం. మా ఆవిడకి ఆ రోజు నైట్ షిఫ్టు.

వెళ్ళని వాళ్ళ కోసం కాస్త వివరంగా చెబుతాను. మైకులు, దండలు, జై కొట్టడాలు ఉంటాయని ఊహించుకోకండి. ప్లాస్టిక్ కుర్చీలు ఒక ఎనభై, వెనకాల టీ, బిస్కట్లు. ముందు బల్ల దగ్గర అభ్యర్థులు వరుసగా. మావోరీలో స్వాగతం చెప్పి, ఒక్కొక్కరికీ రెండే రెండు నిమిషాలు ఇచ్చారు. రెండో నిమిషం కాగానే మా అమ్మాయి టింగుమని గంట కొడితే, పోయినసారి గెలిచినాయన కూడా వాక్యం మధ్యలో ఆపేసి కూర్చున్నాడు! అమ్మకి అన్నిటికన్నా అదే నచ్చింది. "ఆ గంట మనూరికి పంపించరాదూ" అంది.

మాటల్లో తేడా చూశాను. కొందరు రేట్లు తగ్గిస్తామన్నారు, ఎక్కడ కోసి తగ్గిస్తారో చెప్పలేదు. కొందరు "నమస్తే, కెమ్ ఛో, సత్ శ్రీ అకాల్" అని మూడూ చెప్పారు. "నమస్కారమండీ" ఎవరూ అనలేదు గానీ, అది మన తప్పే. హాల్లో మన తెలుగువాళ్ళం ఎంతమందిమని చూస్తే మేం కాకుండా ఒకే ఒక్క పెద్దాయన. ఫిజీ నుంచి వచ్చిన ఆంధ్రుల కుటుంబం ఆయనది. చెరుకు తోటలకి కూలీలుగా వెళ్ళిన వాళ్ళ మనవడినని చెప్పుకున్నాడు. ప్రతిసారీ వస్తాడట. మనం సంక్రాంతి సంబరాలకి ఎంపీలని పిలిచి శాలువాలు కప్పి ఫోటోలు దిగుతాం, ఆ హాలు అద్దె ఎంతో నిర్ణయించేవాళ్ళు ఇక్కడ ప్లాస్టిక్ కుర్చీల్లో మన ప్రశ్న కోసం ఎదురుచూస్తూ కూర్చుంటారు. ఆ మాట నాకు నేనే అనుకున్నాను, ఎవరినీ నొప్పించాలని కాదు.

ప్రశ్నల వంతు వచ్చింది. నేను రాసుకుని తెచ్చుకున్న వాననీటి కాలువల ప్రశ్న అడిగేశాను. తీరా చూస్తే అది అడగాల్సింది లోకల్ బోర్డు వాళ్ళని కాదు! పార్కులు, లైబ్రరీలు, కమ్యూనిటీ హాళ్ళు లోకల్ బోర్డు చేతిలో. వాననీటి కాలువలు పెద్ద కౌన్సిల్ చేతిలో. తాగునీరు, మురుగు పైపులు వాటర్‌కేర్ చేతిలో. పదిహేనేళ్ళుగా తప్పు కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తున్నానన్నమాట. కౌన్సిలర్ పదవికి నిలబడినాయన ఒకరు లేచి, మా పక్క ఓక్లీ క్రీక్‌ని వెడల్పు చేయడం వల్ల ఆ ఒడ్డున ఉన్న ఇళ్ళకి ఎంత తేడా వచ్చిందో చెప్పారు. మిగతా చోట్ల ఎప్పుడు అంటే సమాధానం లేదు.

అప్పుడు అమ్మ నా చొక్కా లాగింది. "నేనూ ఒకటి అడగొచ్చా?"

అడిగింది. తెలుగులోనే, కూర్చునే, కానీ గట్టిగా. "మా బస్టాపులో కూర్చోడానికి బల్ల లేదు. నాకు మోకాళ్ళ నొప్పులు. బస్సు కోసం ఇరవై నిమిషాలు నిలబడలేక గుడికి వెళ్ళడం మానేశాను. ఒక బల్ల వేయిస్తారా?"

హాలంతా మావైపు తిరిగింది. నాకు చెమటలు పట్టాయి. ఇంత పెద్ద సభలో ఒక బెంచీయా! నేను లేచి, "వృద్ధులకు ప్రజా రవాణా అందుబాటులో ఉండే విషయంలో మీ దీర్ఘకాలిక దృక్పథం ఏమిటని మా అమ్మగారు అడుగుతున్నారు" అని ఇంగ్లీషులో గంభీరంగా అనువదించాను. ఇలాంటి వాక్యాలు రాయడమే కదా కన్సల్టెంట్ల బతుకు. ఒకాయన అదే బరువుతో జవాబు మొదలుపెట్టాడు.

టింగ్!

మా అమ్మాయి. టైమింకా కాలేదు. "క్షమించండి, నాయనమ్మ అడిగింది అది కాదు. ఆవిడకి బస్టాపులో బెంచీ కావాలి" అంది మైకు లేకుండానే. జనం నవ్వారు. నాకు భూమిలోకి కుంగిపోయినట్టయింది. తర్వాత చప్పట్లు కొట్టారు, నాక్కాదు.

అభ్యర్థులు ఒక్కొక్కరూ "తప్పకుండా", "వెంటనే" అన్నారు. చివర కూర్చున్న ఒకావిడ మాత్రం, "బస్టాపులు ఆక్లాండ్ ట్రాన్స్‌పోర్ట్ కిందికి వస్తాయి, నేను గెలిచినా సొంతంగా వేయించలేను. కానీ లోకల్ బోర్డుకి చిన్న చిన్న రవాణా పనుల కోసం కొంత నిధి ఉంటుంది, అందులోంచి అడగొచ్చు. గ్యారంటీ ఇవ్వలేను. మీ స్టాప్ నంబర్ ఎంత?" అంది. నంబర్ నాకు తెలియదు. అమ్మకి తెలుసు. ఇంగ్లీషులో నాలుగంకెలూ ఒక్కొక్కటే చెప్పింది.

కారులో అమ్మని అడిగాను, అందరూ వేయిస్తామన్నారుగా, ఎవరు నచ్చారని. "అందరూ కాదు. ఒక్కామె తన చేతిలో లేదని చెప్పింది. నెంబరు రాసుకున్నది కూడా ఆమే" అంది.

కవర్లు రాగానే ఆ శనివారం భోజనాల బల్ల మీద పరిచాం. ఒక్కో అభ్యర్థి 150 మాటలకి మించకుండా రాసుకున్న పరిచయాలని మా అమ్మాయి తెలుగు చేసి నాయనమ్మకి చదివింది. మేయరు పదవికే డజను మంది! అమ్మ పేర్ల పక్కన పెన్సిల్‌తో చిన్న గుర్తులు వేసుకుంది, ఒకరికి గొడుగు, ఒకరికి గంట. మా అమ్మాయికి అప్పటికి పదహారు. పదహారేళ్ళకే స్థానిక ఎన్నికల్లో ఓటిద్దామన్న బిల్లుని 2024 జనవరిలో వెనక్కి తీసుకున్నారని రుసరుసలాడుతూనే చదివింది. టిక్కులు పెట్టేటప్పుడు అమ్మ మా ఇద్దరినీ వంటింట్లోకి పొమ్మంది. కవరు తనే అంటించి, వూల్‌వర్త్స్‌లో ఉన్న నారింజరంగు డబ్బాలో తనే వేసింది.

అక్టోబరు 11 మధ్యాహ్నం పన్నెండుకి ఓటింగ్ ముగిసింది. స్టాప్ నంబర్ రాసుకున్నావిడ ఓడిపోయింది. "పోన్లే, 2028లో మళ్ళీ నిలబడుతుందేమో" అంది అమ్మ. బెంచీ ఇంకా రాలేదు. గెలిచినవాళ్ళకి మా అమ్మాయి చేత ఈమెయిలు పెట్టించింది, జవాబు వచ్చింది, పరిశీలిస్తామని.

ఏడాది చివర్లో పాపటోయిటోయి వార్త వచ్చింది. అక్కడి లోకల్ బోర్డు ఎన్నిక చెల్లదని మానుకావు జిల్లా కోర్టు కొట్టేసి, మళ్ళీ జరపమంది. ఆక్లాండ్ మొత్తం ఓటింగ్ తగ్గితే అక్కడ పెరిగింది. చూస్తే, తమకి తెలియకుండానే తమ కాగితాలతో ఎవరో ఓటేసేశారని కొందరు ఓటర్లు కోర్టుకి చెప్పారు. మన భారతీయులు ఎక్కువగా ఉండే పేట అది. ఆ వారమంతా ఏ విందుకి వెళ్ళినా ఇదే చర్చ. "లెటర్ బాక్సులకి తాళాలు వేసుకోవాలి" అన్నారొకరు. "మా ఇంట్లో అందరివీ నేనే నింపేస్తాను, గొడవ లేదు" అన్నారింకొకరు. ఎవరూ ఉలిక్కిపడలేదు. పోయినేడాదైతే నేనూ పడేవాణ్ణి కాదు.

ఇంటికొచ్చాక అమ్మకి ఆ వార్త తెలుగులో చెప్పాను. ఈసారి ఉన్నదున్నట్టే. విని కాసేపు ఊరుకుంది.

"మరి 2016లో, ఆ తర్వాత రెండుసార్లూ నా కాగితం వెళ్ళింది కదరా, అవి ఎవరికి పోయాయి?"

ఎంత ఆలోచించినా నాకు గుర్తు రాలేదు.