గొట్టం కాళ్ల నక్షత్రం

భీమిలి ఒడ్డున జాలర్లు వల దులిపినప్పుడు చేపలతో పాటు రాలిన ఇసుక నక్షత్రం అనే సముద్ర నక్షత్రాన్ని ఒకదాన్ని సముద్రపు నీళ్లున్న బకెట్లో వేసి చూశాను. వెల్లకిలా పడింది. ఒక్కో చేతి కింద ఒక్కో గాడి, గాడి నిండా మెత్తటి గొట్టం కాళ్లు. అవి సాగుతూ, ముడుచుకుంటూ, దేన్నో తడుముకుంటున్నాయి. కాసేపటికి ఒక చేయి మెలితిప్పి, నెమ్మదిగా బోర్లా తిరిగింది. మెదడే లేని జీవి ఎంత పని చేసింది! ఆ కాళ్లను సాగదీసేది ఒంట్లోని సన్నటి గొట్టాల్లో ఉండే నీటి ఒత్తిడి.

నోరు అడుగున, నట్టనడుమ. ఇసుక నక్షత్రం చిన్న చిన్న నత్తలను చిప్పతో సహా మింగుతుంది. దానికి మలద్వారం లేదు, ఖాళీ చిప్పను నోటితోనే కక్కేస్తుంది. చల్లటి సముద్రాల్లోని ఆస్టీరియాస్ అనే నక్షత్రం తీరు వేరు. ఆల్చిప్ప రెండు రెక్కలనూ పట్టి లాగుతుంది. సన్నటి సందు దొరికితే చాలు, తన కడుపునే బయటికి తీసి అందులోకి దూర్చి, అక్కడే అరిగించుకుంటుంది.

సముద్ర లిల్లీ వీటికి చుట్టమే, పువ్వు కాదు. లోతు నీళ్లలో కాడ మీద నిలబడి, ఈకల్లాంటి చేతులు చాచి, ప్రవాహంలో కొట్టుకొచ్చే నలుసులను పట్టి, పైకి తెరిచిన నోటికి చేరవేస్తుంది.

ఒడ్డున ప్రాణంతో నక్షత్రం కనిపిస్తే ఎండబెట్టి ఇంటికి తెచ్చుకోకండి, తిరిగి నీళ్లలో వదలండి.